వేగానికి తన పేరు ఇచ్చిన రైతు బిడ్డ: ఎమిల్ బోదో



మీ ఇంటి ఫైబర్ ఇంటర్నెట్ బిల్లు ఒకసారి తీసి చూడండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అని ఉందనుకుందాం. అదే కనెక్షన్ మీద మీ అబ్బాయో అమ్మాయో ఒక వీడియో క్లాసు డౌన్‌లోడ్ చేస్తుంటే, కంప్యూటర్ స్క్రీన్ మీద వేగం 12 దగ్గర కనిపిస్తుంది. 100కి డబ్బు కడితే 12 ఇస్తున్నారేమిటి అని మీకు కోపం రావడం సహజం. నిజానికి రెండు అంకెలూ సరైనవే. బిల్లు మీద లెక్క బిట్లలో ఉంది, స్క్రీన్ మీద లెక్క బైట్లలో ఉంది. ఒక బైటుకి 8 బిట్లు. 100ని 8తో భాగిస్తే 12.5 వస్తుంది. మోసం ఏమీ లేదు, యూనిట్ మారిందంతే.

పరీక్షలో లెక్క మొత్తం సరిగ్గా చేసి చివర యూనిట్ రాయకపోతే మేం మార్కు తగ్గిస్తాం. ఇంత చిన్నదానికా అని పిల్లలు అలుగుతారు. పేరెంట్స్ మీటింగ్‌లో మీలో కొందరు కూడా ఈ మాట అడుగుతుంటారు. దానికి జవాబుగా ఈ నెల ఒక మనిషి జీవితం చెప్పాలనుకుంటున్నాను. సమాచారం ఎంత వేగంగా వెళుతుందో కొలిచే ఒక యూనిట్‌కి ఆయన పేరే పెట్టారు. ఆ యూనిట్ పేరు బాడ్. ఆయన పేరు జాన్ మోరిస్ ఎమిల్ బోదో. ఫ్రెంచ్ వాళ్లు బోదో అని పలికే ఆ పేరులోంచే బాడ్ అనే మాట వచ్చింది. ఈ రోజు దేశాల మధ్య ఫైబర్ లైన్లు వేసే ఇంజనీర్లు తమ ప్లానింగ్ కాగితాల మీద ఈ మాట రాయకుండా పని మొదలుపెట్టరు.

పొలం నుంచి తంతి ఆఫీసుకి

బోదో 1845 సెప్టెంబర్ 11న ఫ్రాన్స్‌లోని మాన్యో అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి రైతు. ఊళ్లో ఉన్న ప్రైమరీ స్కూల్ చదువే ఆయన చదువు. అది అయ్యాక తండ్రితోపాటు పొలం పనికి వెళ్లారు. కాలేజీ లేదు, ఇంజనీరింగ్ డిగ్రీ లేదు.

1869లో, అంటే దాదాపు 24 ఏళ్ల వయసులో, ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ శాఖలో ఆపరేటర్‌గా చేరారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు తంతి ఆఫీసు అనేవారే, ఆ పని. తీగ మీద వార్త పంపడం, వచ్చిన వార్త తీసుకోవడం. చేరిన కొద్ది కాలానికే ఆరోగ్యం దెబ్బతింది. ఒకసారి నెల రోజులపాటు పనికి వెళ్లలేకపోయారు. ఆ ఇబ్బంది ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చినప్పుడు ఆయన సైన్యంతో పనిచేశారు. 1872లో మళ్లీ పారిస్‌లో ఉద్యోగానికి వచ్చారు.

అక్కడ ఆయనకు హ్యూస్ యంత్రం మీద శిక్షణ ఇచ్చారు. అది ఆ రోజుల్లో గొప్ప యంత్రం. పియానోకి ఉన్నట్టు 28 మీటలు ఉండేవి. లోపల అక్షరాలు చెక్కిన చక్రం తిరుగుతూ ఉంటుంది. ఆపరేటర్ మీట నొక్కితే, ఆ అక్షరం సరైన చోటికి వచ్చిన క్షణంలో తీగ మీద ఒక్క సంకేతం వెళుతుంది. అవతలి ఊళ్లో అదే వేగంతో తిరిగే చక్రం ఆ అక్షరాన్ని కాగితం మీద అచ్చు వేస్తుంది. మోర్స్ చుక్కలూ గీతలూ చదవగలిగే మనిషి అవసరం లేదు.

ఖాళీగా ఉన్న తీగ

ఈ యంత్రం ముందు కూర్చున్న బోదో ఒక విషయం గమనించారు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య తీగ ఊరికే పడి ఉంటోంది. సంకేతం పోయేది క్షణకాలమే. మిగతా సమయమంతా వందల కిలోమీటర్ల తీగ ఏ పనీ చేయడం లేదు.

తీగ అంటే ఎంత ఖర్చో ఊహించండి. స్తంభాలు పాతాలి, తీగ లాగాలి, తెగితే బాగుచేయాలి. ఒక లైన్ చాలకపోతే రెండో లైన్ వేయాలి. బోదో అడిగిన ప్రశ్న వేరు. ఉన్న లైన్‌నే నలుగురు వాడుకోలేరా?

మన పల్లెల్లో కాలువ నీళ్లకి వంతులు ఉంటాయి. కాలువ ఒక్కటే. ఇంత సేపు ఒకరి చేనుకి, తర్వాత ఇంత సేపు పక్క చేనుకి. ఎవరి వంతు వాళ్లకి వస్తుంది కాబట్టి ప్రతి రైతుకీ వేరే కాలువ తవ్వక్కర్లేదు. బోదో తీగకి సరిగ్గా ఇలాంటి వంతులే పెట్టారు. ఒక గుండ్రటి పళ్లెం, దాని చుట్టూ లోహపు ముక్కలు, వాటి మీద తిరిగే బ్రష్. బ్రష్ తిరుగుతూ మొదటి ఆపరేటర్ ముక్కల మీదుగా వెళ్లినప్పుడు తీగ అతనిది. తర్వాత రెండో ఆపరేటర్‌ది, తర్వాత మూడో అతనిది. అవతలి ఊళ్లో కూడా అలాంటి పళ్లెమే అదే వేగంతో, అదే స్థానంలో తిరుగుతూ ఎవరి అక్షరం వాళ్ల యంత్రానికి చేరవేస్తుంది. ఈ పద్ధతిని ఇప్పుడు టైమ్ డివిజన్ మల్టిప్లెక్సింగ్ అంటారు.

శాఖవాళ్లు ఈ ఆలోచనని ప్రోత్సహించారు, కానీ డ్యూటీ గంటల్లో కాదు. ఆఫీసు పని అయ్యాక సొంత సమయంలో చేసుకోమన్నారు.

అయిదు మీటలు

వంతులు పెట్టుకోవాలంటే ఒక షరతు ఉంది. ప్రతి అక్షరానికీ పట్టే సమయం సమానంగా ఉండాలి. మోర్స్ కోడ్‌లో అలా ఉండదు. ఇంగ్లిష్ ఇ అక్షరానికి ఒక్క చుక్క చాలు, కొన్ని అక్షరాలకి నాలుగు చుక్కలూ గీతలూ కావాలి. ఒకరి వంతు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పలేం.

అందుకని బోదో ప్రతి అక్షరానికీ సరిగ్గా అయిదు సంకేతాలు కేటాయించారు. ఒక్కో సంకేతం రెండు రకాల్లో ఏదో ఒకటి. కరెంట్ ఒక వైపు, లేదా ఇంకో వైపు. రెండుని అయిదుసార్లు గుణిస్తే 32. ఇంగ్లిష్ అక్షరాలు 26 కాబట్టి సరిపోతాయి. అంకెలకీ చుక్కలకీ కామాలకీ ఒక ప్రత్యేక సంకేతం ముందు పంపి అవే 32ని ఇంకో అర్థంలో వాడుకోవచ్చు. మీ పిల్లలు కంప్యూటర్ క్లాసులో చదివే బైనరీ ఇదే. అయిదు గుర్తులతో అక్షరాన్ని చెప్పవచ్చని 17వ శతాబ్దంలోనే ఫ్రాన్సిస్ బేకన్ రాశారు. దాన్ని తీగ మీద, వంతులతో, రోజువారీ పనికి పనికొచ్చేలా చేసింది బోదో. 1874 జూన్‌లో పేటెంట్ తీసుకున్నారు.

ఆయన యంత్రానికి అయిదే మీటలు. రెండు ఎడమ చేతి వేళ్లకి, మూడు కుడి చేతి వేళ్లకి. ఆపరేటర్ కోడ్ అంతా బట్టీ పట్టాలి. ఒక్కో అక్షరానికి కావలసిన మీటలన్నీ ఒకేసారి నొక్కాలి. బ్రష్ ఆ ముక్కల మీదుగా వెళ్లేదాకా మీటలు బిగుసుకుపోయి ఉంటాయి. మళ్లీ వంతు రాగానే టక్కుమని చప్పుడు వస్తుంది. ఆ తాళానికి తగ్గట్టు వేళ్లు కదలాలి. ముందు నొక్కినా కుదరదు, ఆలస్యమైనా కుదరదు.

1877 నవంబర్‌లో పారిస్, బోర్దో నగరాల మధ్య లైన్ మీద ఈ యంత్రాన్ని పరీక్షించారు. ఆ సంవత్సరం చివరికి పారిస్ నుంచి రోమ్‌కి, సుమారు 1,700 కిలోమీటర్ల లైన్ మీద కూడా పనిచేయడం మొదలుపెట్టింది. అవతల కాగితం పట్టీ మీద మామూలు అక్షరాలే అచ్చయి వచ్చేవి.

వేగాన్ని ఎందులో కొలవాలి?

ఇక్కడ కాసేపు ఆగి, కాగితం పెన్ను తీసుకోండి. బోదో యంత్రం మీద ఒక ఆపరేటర్ మామూలుగా నిమిషానికి 30 మాటలు పంపేవారు. మాటకి సగటున అయిదు అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ కలిపి ఆరు అనుకుందాం. 30 ఇంటూ 6 అంటే నిమిషానికి 180 అక్షరాలు. సెకనుకి 3. ఒక్కో అక్షరానికి 5 సంకేతాలు కాబట్టి సెకనుకి 15 సంకేతాలు. నలుగురు ఆపరేటర్లు ఒకే తీగ పంచుకుంటే సెకనుకి 60 సంకేతాలు. రెండు చివర్ల పళ్లేలు ఒకే వేగంతో తిరిగేలా చూసేందుకు కొన్ని అదనపు సంకేతాలు కూడా ఉండేవి, వాటిని ఇక్కడ పక్కన పెడదాం.

నిమిషానికి 30 మాటలు, సెకనుకి 3 అక్షరాలు, సెకనుకి 15 సంకేతాలు. మూడూ ఒకే మనిషి చేసే ఒకే పని. అంకెలు మాత్రం వేరు. 30 పెద్దది, 3 చిన్నది అనుకుంటే తప్పు. వేగం అన్న మాట విన్నప్పుడల్లా దేన్ని లెక్కపెడుతున్నారు, ఎంత సమయానికి అని రెండు ప్రశ్నలు అడగాలి. ఆ రెండూ తెలిస్తే ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి మారడం గుణకారం, భాగహారమే. తెలియకపోతే ఎంత పెద్ద లెక్క చేసినా అర్థం లేదు.

మెడల్ అమ్ముకున్న మనిషి

బోదో జీవితం యంత్రమంత సాఫీగా తిరగలేదు. పేటెంట్ వచ్చిన కొద్ది కాలానికే లూయీ విక్తర్ మిమో అనే ఇంకో టెలిగ్రాఫ్ ఉద్యోగి, అయిదు సంకేతాల ఆలోచన ముందు నాదేనని 1877లో కోర్టుకి వెళ్లారు. మొదటి కోర్టు మిమో పక్షాన తీర్పు ఇచ్చింది. బోదో చేసింది ఆయన పనికి మెరుగులు దిద్దడమేనని చెప్పింది. తన పేరు మీద ఇంత మచ్చ పడితే ఎవరికైనా ఎలా ఉంటుందో ఆలోచించండి. చివరికి ఆ తీర్పు రద్దయింది, కోర్టు ఖర్చులు మిమోనే కట్టుకోవాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆయన ఆ భారం మోస్తూనే పనిచేశారు.

1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన యంత్రానికి బంగారు పతకం వచ్చింది. యంత్రం శాఖకి ఉపయోగపడుతోంది, కానీ దాన్ని మెరుగుపరచడానికి శాఖ నుంచి అందిన సాయం చాలా తక్కువ. పరిశోధనకి సొంత డబ్బు పెట్టేవారు. రెండేళ్లు తిరగకముందే, 1880లో, ఆ బంగారు పతకాన్ని అమ్ముకున్నారు. షోకేస్‌లో పెట్టుకోవలసిన వస్తువు పరిశోధన ఖర్చుకి పోయింది.

1890 జనవరిలో పెళ్లయింది. మూడు నెలలు కూడా నిండకుండా ఏప్రిల్‌లో ఆయన భార్య చనిపోయారు. ఆ తర్వాత కూడా పని ఆగలేదు. అదే సంవత్సరం ఆగస్టులో పారిస్, వాన్, లోరియాన్ అనే మూడు ఊళ్లని ఒకే తీగ మీద కలిపారు. ముందుగా కాగితం పట్టీ మీద రంధ్రాలు చేసి పెట్టుకుని తర్వాత పంపే పద్ధతి 1897లో వచ్చింది. దాంతో ఆపరేటర్ టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చోవలసిన అవసరం తగ్గింది. క్రమంగా ఇతర దేశాలు కూడా ఆయన యంత్రాలు తీసుకున్నాయి.

1903 మార్చి 28న, పారిస్ దగ్గర సో అనే ఊళ్లో బోదో కన్నుమూశారు. వయసు 57.

బాడ్ పుట్టింది

ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటాక, 1920ల్లో, టెలిగ్రాఫ్ రంగంలోని అంతర్జాతీయ నిపుణులు తీగ వేగాన్ని కొలవడానికి ఒక యూనిట్ కావాలనుకున్నారు. మాటల్లో కొలిస్తే భాష మారినప్పుడల్లా లెక్క మారుతుంది. అక్షరాల్లో కొలిస్తే కోడ్ మారినప్పుడు మారుతుంది. తీగ మీద సెకనుకి ఎన్ని సంకేతాలు వెళ్లగలవు అన్నది మాత్రం ఏ భాషకైనా ఒకటే. సెకనుకి ఒక సంకేతం అంటే ఒక బాడ్ అని పెట్టుకున్నారు.

ఈ లోపు న్యూజిలాండ్‌లో పుట్టిన డొనాల్డ్ మరే, బోదో కోడ్‌ని టైప్‌రైటర్ కీబోర్డుకి తగ్గట్టు మార్చారు. అందులోంచే టెలిప్రింటర్ వచ్చింది. మన దగ్గర పత్రికల ఆఫీసుల్లో, తంతి తపాలా శాఖలో, టెలెక్స్ లైన్ల మీద దశాబ్దాలపాటు పనిచేసిన టెలిప్రింటర్ వేగం 50 బాడ్. మీ ఇంట్లో తాతగారెవరైనా ఆ శాఖలో పనిచేసి ఉంటే ఆ టకటక చప్పుడు గురించి అడిగి చూడండి. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది.

ఆ 50 బాడ్‌ని కూడా ఒకసారి మార్చి చూద్దాం. 50 బాడ్ అంటే ఒక్కో సంకేతానికి 20 మిల్లీసెకన్లు. టెలిప్రింటర్‌లో అక్షరానికి 5 సంకేతాలతోపాటు, అక్షరం మొదలైందని చెప్పడానికి 1, అయిపోయిందని చెప్పడానికి ఒకటిన్నర సంకేతం పట్టేంత సమయం కావాలి. మొత్తం ఏడున్నర. 7.5 ఇంటూ 20 అంటే అక్షరానికి 150 మిల్లీసెకన్లు. నిమిషానికి 60,000 మిల్లీసెకన్లు కాబట్టి నిమిషానికి 400 అక్షరాలు, అంటే దాదాపు 66 మాటలు. తీగ మీద సెకనుకి 50 సంకేతాల వేగం నడుస్తున్నా, అసలు వార్తని మోసేవి అందులో 33 మాత్రమే. మిగతావి మొదలు, చివర చెప్పడానికే పోతాయి. లైన్ వేగం వేరు, చేరిన సమాచారం వేరు.

గాజు పోగులో బోదో

ఇప్పుడు రాగి తీగ స్థానంలో తలవెంట్రుకంత సన్నని గాజు పోగు వచ్చింది, కరెంట్ స్థానంలో కాంతి వచ్చింది. బోదో లెక్క మాత్రం అలాగే ఉంది. కాకపోతే ఒక తేడా.

బోదో తీగ మీద ఒక సంకేతానికి రెండే రూపాలు, కాబట్టి ఒక సంకేతం అంటే ఒక బిట్. కాంతితో అంతకన్నా ఎక్కువ చేయవచ్చు. కాంతి తరంగాన్ని నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో పంపితే ఒక్క సంకేతమే 2 బిట్లు మోస్తుంది. కాంతికి రెండు ధ్రువణాలు ఉంటాయి, రెండింటినీ వాడితే 4 బిట్లు. నగరాల మధ్య 100 గిగాబిట్ల లైన్ ప్లాన్ చేసే ఇంజనీర్ కాగితం మీద ఎక్కువగా కనిపించే అంకె 32 గిగాబాడ్‌కి దగ్గరగా ఉంటుంది. 32 ఇంటూ 4 అంటే 128 గిగాబిట్లు. అందులో కస్టమర్ సమాచారం 100. మిగతా 28లో ఎక్కువ భాగం దారిలో వచ్చే తప్పుల్ని దిద్దుకోవడానికి పంపే అదనపు బిట్లు. టెలిప్రింటర్‌లో మొదలు, చివర సంకేతాలకి పోయిన భాగం లాంటిదే ఇది కూడా.

ఈ మార్పిడిలో తడబడితే నష్టం చిన్నది కాదు. 32 గిగాబాడ్‌ని 32 గిగాబిట్లు అనుకుంటే లైన్ సామర్థ్యాన్ని నాలుగో వంతుగా లెక్కగట్టి, అక్కర్లేని పరికరాలు కొంటారు. గిగాబిట్లని గిగాబైట్లు అనుకుంటే ఎనిమిది రెట్లు తేడా. అలాగని బిట్లు ఒక్కటే రాసుకుంటే కూడా చాలదు. గాజు పోగులో ఆ కాంతికి ఎంత వెడల్పు దారి కావాలన్నది ప్రధానంగా బాడ్ మీద ఆధారపడుతుంది. అందుకే ప్లానింగ్ కాగితం మీద రెండూ ఉండాలి.

మరి నాలుగు స్థితుల బదులు పదహారు పెడితే? ఒక్కో ధ్రువణానికి 4 చొప్పున సంకేతానికి 8 బిట్లు వస్తాయి. అదే 32 గిగాబాడ్‌తో రెట్టింపు సమాచారం. కానీ స్థితులు ఒకదానికొకటి దగ్గరైపోతాయి, కొద్దిపాటి అలజడి వచ్చినా అవతల ఏది ఏదో తేల్చుకోవడం కష్టం. కాబట్టి ఆ కాంతి అంత దూరం వెళ్లలేదు. ఎక్కువ కుక్కితే తక్కువ దూరం వెళుతుంది. ఇంజనీర్ ప్రతి లైన్‌కీ ఈ బేరం ఆడుకోవలసిందే.

మీ ఇంటి దాకా వచ్చే ఫైబర్‌లో బోదో వంతులు కూడా కనిపిస్తాయి. చాలా ఇళ్లకి వచ్చే జీపాన్ అనే పద్ధతిలో ఒక ఫైబర్‌ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. వీధి వైపు వచ్చే వేగం సెకనుకి 2,488 మెగాబిట్లు. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా వాడితే 64 ఇళ్లకి తలా 39 మెగాబిట్ల లోపే వస్తుంది. అందరూ ఒకేసారి వాడరు కాబట్టే 100 ఎంబీపీఎస్ ప్లాన్ మామూలుగా నడుస్తుంది. రాత్రి తొమ్మిది గంటలకి అపార్ట్‌మెంట్ అంతా సినిమా పెట్టుకున్నప్పుడు నెమ్మదించడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఇక మీ పిల్లలు హోమ్‌వర్క్ అప్‌లోడ్ చేసేటప్పుడు మీ ఇంటి పెట్టె తన వంతు కోసం ఆగి, వంతు రాగానే పంపి, మళ్లీ ఆగుతుంది. టక్కుమని చప్పుడు రాదు గానీ, 1877లో పారిస్ ఆపరేటర్ చేసిందీ అదే.

మన పిల్లల సంగతి

పేరెంట్స్ మీటింగ్‌లో మేం తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. మా వాడు రోజుకి ఎన్ని గంటలు చదవాలండీ? పక్కింటి అమ్మాయి ఏడు గంటలు చదువుతోందట, మావాడు నాలుగే. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాడ్, బిట్ తేడా గుర్తొస్తుంది. గంటలు లెక్కపెట్టడం అంటే తీగ మీద సంకేతాలు లెక్కపెట్టడం. ఒక్కో గంట ఏం మోసిందన్నది వేరే లెక్క. ఏడు గంటల్లో సగం ఖాళీ తీగ కావచ్చు. నాలుగు గంటలు నిండుగా ఉండవచ్చు. అలాగే, ఒక్కో గంటలో మరీ ఎక్కువ కుక్కితే అది పరీక్ష దాకా కూడా చేరదు. గంటలు అడగవద్దని నేను అనడం లేదు. వాటితోపాటు ఈ రోజు కొత్తగా ఏం అర్థమైంది అని కూడా అడగండి.

ప్రైమరీ స్కూల్ దాటని రైతు బిడ్డ ఇంత పని చేశారు కదా, మరి ఇంత చదువెందుకు అని పిల్లలు అడగవచ్చు. బోదో చదువు ఆపలేదని చెప్పండి. స్కూల్ ఆగిపోయాక ఆయన యంత్రం ముందు కూర్చుని, డ్యూటీ అయిపోయాక, ఆరోగ్యం బాగోకపోయినా నేర్చుకుంటూనే ఉన్నారు. అందరూ చూస్తున్న యంత్రంలో తీగ ఖాళీగా ఉందన్న సంగతి ఆయన చూడగలిగారు. మన పిల్లలకి ఆయనకి దొరకని స్కూల్ దొరికింది, లాబ్ దొరికింది. ఆ చూసే అలవాటు కూడా ఉంటే చాలు.

ఈ ఆదివారం ఇంట్లో చేయండి

6వ తరగతి పైన చదివే పిల్లలతో కలిసి ఈ మూడు లెక్కలు చేయండి. జవాబు పక్కన యూనిట్ తప్పకుండా రాయించండి.

1. పాత డిజిటల్ ఫోన్ లైన్ వేగం సెకనుకి 64 కిలోబిట్లు. అది సెకనుకి ఎన్ని కిలోబైట్లు?

2. 1.5 గిగాబైట్ల వీడియో క్లాసు, పూర్తి 100 ఎంబీపీఎస్ వేగంతో వస్తే ఎన్ని సెకన్లలో దిగుతుంది? ముందు గిగాబైట్లని మెగాబిట్లలోకి మార్చాలి. నెట్‌వర్క్ లెక్కల్లో గిగా అంటే 1,000 మెగా అని తీసుకోండి.

3. నలుగురు ఆపరేటర్లు పంచుకునే బోదో తీగ సెకనుకి 60 బిట్లు పంపేదని చూశాం. మీ ఇంటి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌తో సమానం కావాలంటే అలాంటి తీగలు ఎన్ని కావాలి?

జవాబులు: మొదటిది సెకనుకి 8 కిలోబైట్లు. రెండోది 120 సెకన్లు. మూడోది సుమారు 16 లక్షల 67 వేల తీగలు. మూడో జవాబు వచ్చాక, అన్ని తీగలకి ఎన్ని స్తంభాలు కావాలో పిల్లల్నే ఊహించమనండి. ఒకే తీగని నలుగురికి పంచాలని ఆయనకి ఎందుకు అనిపించిందో వాళ్లే చెబుతారు.